తలకిందుల బాతులు

"నీ బాతులు నీళ్లలో మునిగి చచ్చాయి. వచ్చి చూడు."

గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అలా అనగానే, నీలం తొట్టి మీదకు వంగి ఉన్న అబ్బాయి నిటారుగా లేచాడు. మోచేతుల దాకా నీలం, చెవి పక్కన కాస్త పసుపు. ఆ వీధిలో అతన్ని రంగులబ్బాయి అనడమే తప్ప అసలు పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

"ఏ బాతులు?"

"కొంగులో బాతులు. నువ్వు ముడులు కట్టి రంగు వేసిచ్చినవి. కాళ్లు పైకి, తలలు కిందికి పెట్టుకుని ఈదుతున్నాయి."

"నేను కట్టిన ముడి తప్పదు మేడమ్."

"మరి బాతులకేమైనా కళ్లు తిరిగాయా సారూ?"

కోపం వస్తే ఆమె 'సారూ' అంటుంది. కోపం వచ్చినా రాకపోయినా అతను 'మేడమ్' అంటాడు. ఇద్దరి వరసా వీధికంతా తెలుసు. ఆమె వెనక్కి తిరిగి విసవిసా నడిచింది. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ అతను వెంటపడ్డాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

ఆ చీరల పద్ధతే వేరు. బట్ట నేశాక బొమ్మ వేయరు. దారానికే ముందు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెడతారు. బొమ్మ ఆ దారంలోనే దాక్కుని ఉంటుంది. మగ్గం మీద పోగు పక్కన పోగు పడుతుంటే, కాళ్లతో మొదలై మెల్లగా తల దాకా బయటికి వస్తుంది. ముడులు కట్టడం అతని పని, నేయడం ఆమె ఇంటి పని. అంటే ఒక బాతు పుట్టాలంటే ఇద్దరూ కావాలి. ఈ సంగతి తలచుకుని అతను చాలాసార్లు ఒంటరిగా నవ్వుకున్నాడు.

కానీ ఈ చీర నవ్వులాట కాదు. తండ్రి సాయం లేకుండా ఆమె నేస్తున్న మొదటి చీర ఇది. ఊరెళ్తూ తండ్రి తేల్చి చెప్పాడు. చీర సరిగ్గా దిగితే కిటికీ పక్క మగ్గం ఆమెది. దిగకపోతే పెట్టె సర్దుకుని అక్క వాళ్ల ఊరు వెళ్లి, బావ చూసిపెట్టిన ఆఫీసులో చేరాలి. ఆయన రేపు సాయంత్రం వస్తున్నాడు.

మగ్గం ముందు నిలబడి చూస్తే నిజంగానే బాతుల వరస మొత్తం తలకిందులుగా ఉంది. అచ్చులు స్పష్టంగా ఉన్నాయి, రంగు ఎక్కడా చెదరలేదు. ఎటొచ్చీ ప్రతి బాతూ శీర్షాసనం వేసింది.

అతను ఇంకా నేయని రెండో వరస దారపు చిలప తీసి వేళ్ల మధ్య పరిచి చూశాడు. ముడులన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. గర్వంగా నోరు తెరవబోయి, పక్కన బుట్టలో దారం చుట్టే ఖాళీ కండెలు చూసి టక్కున మూశాడు.

ఆ కండెలు చుట్టింది తనే.

మొన్న ఆమె నానమ్మకు చెయ్యి నొప్పిగా ఉందంటే, రాట్నం ముందు తను కూర్చున్నాడు. చిలపలోని దారం ముందు బాబిన్‌కి ఎక్కాలి, బాబిన్ నుంచి కండెకు ఎక్కాలి. మొదటి చుట్టులో దారం వరస తిరగబడుతుంది, రెండో చుట్టులో సరిపడుతుంది. నేత ఇళ్లలో నడక రాని పిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఆరోజు ఎదురుగా కిటికీ వెలుగులో ఆమె కూర్చుని ఉంది. "కండెలు కావాలి, త్వరగా" అంది. అతని కళ్లు అటు, చేతులు ఇటు. దారం తిన్నగా కండెకే ఎక్కేసింది. చివర రావాల్సిన తల మొదట వచ్చింది.

"ముడి తప్పలేదు," అన్నాడు నెమ్మదిగా. "చుట్టడం తప్పింది. బాబిన్ మరిచిపోయాను."

ఆమె అతని వైపు చూసింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. మగ్గం పలక మీద కూలబడింది. అతనికి దాంతోనే ఎక్కువ భయమేసింది.

"బాబిన్ ఎలా మరిచిపోతావు? అన్నం తింటూ నోరు మరిచిపోతారా ఎవరైనా?"

"నువ్వు ఎదురుగా కూర్చుంటే మరిచిపోతాను."

"ఇప్పుడా ఆ మాట చెప్పేది?"

"ముందే చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు."

వాన పెద్దదైంది. రేకుల మీద చప్పుడుకు కాసేపు మాటలు వినపడలేదు. ఆమె చీర అంచు మీద వేలితో రాస్తూ కూర్చుంది. కళ్లు నిండి ఉన్నాయి.

"విప్పేద్దామా?" అన్నాడు.

"విప్పితే దారం నలుగుతుంది. మళ్లీ నేస్తే అచ్చు జరుగుతుంది. నాన్న బొటనవేలితో తడిమితే చాలు, ఇట్టే పట్టేస్తాడు. ఎల్లుండి ఈ పాటికి నేను బస్సులో ఉంటాను. నీకేం."

"నాకేమీ కాదని ఎవరన్నారు? నువ్వు వెళ్లిపోతే ఈ వీధిలో నాకు పనేముంది? ఆ ముడులు ఎవరి కోసం కట్టాలి?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. తన మొహం చూపించుకోలేక అతను వాకిట్లోకి వెళ్లి చూరు కింద నిలబడ్డాడు. వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా వెలిసింది. వాకిటి గచ్చు మీద నీళ్లు నిలిచాయి. ఇంటికి పోదామని నీళ్ల అంచున కాలు పెట్టాడు.

"కదలకు," అంది ఆమె కిటికీలోంచి.

అతను ఆగిపోయాడు.

"నువ్వు తలకిందులుగా ఉన్నావు."

"పొద్దుటి నుంచీ అలాగే ఉన్నాను."

"అబ్బ, అది కాదు. కిందికి చూడు."

చూశాడు. నీళ్లలో తన పాదాలకు పాదాలు ఆనించుకుని ఇంకో రంగులబ్బాయి తల కిందికి వేలాడేసి నిలబడ్డాడు. ఇద్దరూ కాసేపు వాణ్నే చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు.

"రెండో వరస బాతులు ఇంకా నేయలేదు కదా," అంది ఆమె, గొంతులో ప్రాణం తిరిగొచ్చి. "అవి సరిగ్గా నిలబడితే, ఇవి వాటి నీడలవుతాయి. మధ్యలో నీళ్లు కావాలి. సన్నటి నీలం చార. కింద ముదురు, పైకి వచ్చేసరికి లేత."

"ఎప్పటికి?"

"రేపు పొద్దుటికి ఇవ్వగలవా?"

అతను రెండు చేతులూ ఎత్తి చూపించాడు. "ఇవాళ మా ఇంట్లో నీలం తప్ప ఇంకేమీ లేదు మేడమ్."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసమైతే అతను వాకిట్లో నీళ్లన్నీ నీలం చేసేసేవాడు.

మర్నాడు పొద్దున్నే తడి ఆరిన నీలం దారంతో హాజరయ్యాడు. నానమ్మ రాట్నం పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. బాతుల దారం బాబిన్‌కి ఎక్కిందాకా ఊరుకుంది, కండెకు ఎక్కుతుంటే మాత్రం గొంతు సవరించుకుంది.

"ఈసారి కండె వైపు చూసి చుట్టు నాయనా. మగ్గం ఎక్కడికీ పోదు, మగ్గం మీద పిల్లా పోదు."

మగ్గం మీద పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నీలం చార నేసింది. దాని మీద బాతు పాదాలు వచ్చాయి, పొట్ట వచ్చింది, మెడ వచ్చింది. చివరికి తల పైకే వచ్చింది. అది చూసి ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలారు.

సాయంత్రం తండ్రి వచ్చాడు. తడి గొడుగు మూలకు ఆనించి, కాళ్లు కడుక్కుని, తిన్నగా మగ్గం దగ్గరికే వెళ్లాడు. రంగులబ్బాయి అక్కడే ఉన్నాడు. ఎందుకున్నావని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆయన కొంగు మీద బొటనవేలు ఆనించి మెల్లగా జరిపాడు. కింది బాతుల దగ్గర వేలు ఆగింది.

"ఈ కండెలు చుట్టిందెవరు?"

"నేనే," అన్నాడు రంగులబ్బాయి.

"నేనే," అంది ఆమె, సరిగ్గా అదే క్షణంలో.

తండ్రి ఒకసారి కూతుర్ని చూశాడు. ఒకసారి అతన్ని చూశాడు. కుర్చీలో నానమ్మ గోడ గడియారాన్ని చాలా శ్రద్ధగా చూస్తోంది.

"ఒక కండెను ఇద్దరు చుట్టడం నేనెప్పుడూ చూళ్లేదు," అన్నాడు ఆయన. "ఈ నీళ్ల చార ఎక్కణ్నించి వచ్చింది?"

"బాతులున్న చోట నీళ్లుండాలి కదా నాన్నా," అంది ఆమె.

ఆయన ఆ చార మీద వేలు జరిపాడు. కొంచెం వెనక్కి జరిగి, తల పక్కకి వంచి చూశాడు. మళ్లీ దగ్గరికొచ్చాడు.

"కుర్రతనంలో నేనూ ఇదే తప్పు చేశాను. నావి నెమళ్లు. కత్తెర తీసుకుని కోసి పారేశాను. నీళ్లు పెట్టొచ్చని నాకు తోచలేదు." మగ్గం చెక్క మీద చెయ్యి వేశాడు. "అక్కకి ఫోన్ చేసి చెప్పు, నువ్వు రావడం లేదని. ఈ మగ్గం నీది."

ఆమె తండ్రి భుజానికి నుదురు ఆనించి ఏడ్చేసింది. గుండెల మీది బరువు దిగిపోయాక వచ్చే ఏడుపు అది. అతను గోడకు ఆనుకున్నాడు. గోడ మీద నీలం చెయ్యి అచ్చు పడింది. ఎవరూ తిట్టలేదు.

చీకటి పడకముందే వెళ్దామని గుమ్మం దాకా వచ్చాడు.

"వస్తాను మేస్త్రి గారూ."

"ఆగు," అన్నాడు తండ్రి. "ఈ వీధిలో ప్రతి కుర్రాడూ నన్ను బాబాయ్ అంటాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, నీ నోట ఒక్కసారి కూడా ఆ మాట రాదు. ఏం సంగతి?"

అతను నేల చూశాడు. బాబాయ్ అంటే ఆమె చెల్లెలైపోతుంది మరి. ఆ ముక్క ఎలా చెబుతాడు.

లోపల మగ్గం మళ్లీ మొదలైంది. టకటకలు వాకిలి దాకా వినిపిస్తున్నాయి.

"సరే, బాబాయ్ వద్దు," అన్నాడు ఆయన గొడుగు తీసి అతని చేతికిస్తూ. "ఆ మేస్త్రి కూడా ఇక వద్దు. ఇంకో పిలుపుంది కదా. అది అని వెళ్లు. మీ అమ్మానాన్నల్ని రేపు మా ఇంటికి రమ్మను."

అతను గొడుగు పట్టుకుని, మెట్టు దిగాడు.

"వస్తాను మావయ్యా."

లోపల మగ్గం చప్పుడు టక్కున ఆగింది.