కాపుచెప్పులు

హనోయ్ పాతబజారులో పొద్దున్న ఎనిమిదింటికే వీధి పొంగిన కాలవలా ఉంది. చప్పుడు చెయ్యని స్కూటర్లు, వాటి మీద పూలు, గాజుపలకలు, నిద్రపోతున్న చంటిపిల్లలు. సువర్చల ఎడమకాలు ఎత్తబోయింది. కాపుచెప్పు నేలని కరుచుకుని లేవనివ్వలేదు.

"ఈ ఊరు మన చెప్పులకే దడ పుట్టిస్తోంది బావా," అంది.

"నీ కాళ్లకున్న చెప్పులు కదా, నీ భయమే వాటికీ అంటింది," అన్నాడు ఆమె భర్త చలపతి.

అతని మాటలో అబద్ధం లేదు. ఇంటర్ మధ్యలో చదువు మానిపించి పెళ్లి చేసిన నాటి నుంచీ సువర్చలకి అన్నీ భయాలే. పిల్ల తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. రోడ్డొక్కటే ఆమెని భయపెట్టలేదు. తణుకులో ఆమె ఏడో ఏట వచ్చాయి కాపుచెప్పులు. ఎదర ప్రమాదముంటే అడుగు పడనివ్వవు, అది తొలగేదాకా బకిల్ కూడా ఊడనివ్వవు. అవి వచ్చాక బండి కింద పడ్డ బిడ్డ కోసం ఏడ్చే తల్లి దేశంలో కనబడడం మానేసింది. నాలుగేళ్ల కూతురు ఇందుజ ముందు పరుగెడుతుంటే, సువర్చల రెండు చేతులా సంచులు పట్టుకుని వెనకాల నింపాదిగా నడిచేది.

ఈ యాత్రలో మొదట బ్యాంకాక్‌లో బంగారు గోపురాలకి ఆమె కళ్లు చెదిరాయి. పెనాంగ్‌లో మసీదు, చైనావాళ్ల గుడి, మారియమ్మ కోవెల ఒకే వీధిలో చూసి, ఈ దేవుళ్లు సాయంత్రం అరుగుల మీద కూర్చుని కబుర్లాడుకుంటారేమోనని మురిసిపోయింది. అయినా ఆమె మనసు దోచింది మాత్రం హనోయే. తాటాకు టోపీ పెట్టుకుని, భుజాన కావడి మోస్తూ పళ్లమ్మే ఆడవాళ్ల నడకని ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. కాఫీలో గుడ్డేమిటని మొహం చిట్లించిన చలపతి రెండు కప్పులు తాగాడు.

సందులో చిన్న గుడి కనబడితే లోపలికి వెళ్లారు. అక్కడివాళ్లు ఆవరణలోకి చెప్పులతోనే నడుస్తున్నారు. వీళ్లు మాత్రం అలవాటు కొద్దీ గుమ్మం దగ్గరే విప్పేశారు. చేసిన తప్పు అదే. బయటికొచ్చి తొడుక్కున్నాక, కాపుచెప్పులు పాదాన్ని గుర్తుపట్టడానికి ఒక నిమిషం పడుతుంది, అందాకా అడుగు పడనివ్వవు. ఆ నిమిషంలో ఇందుజ ఉత్తకాళ్లతో సందు చివరికి పరుగెత్తి, ఒక కావడామె వెనకాలే వీధి దాటేసింది.

భార్యాభర్తలు వీధి అంచుకి పరుగెత్తారు. ఇద్దరి చెప్పులూ ఒక్కసారే బిగుసుకున్నాయి. అవతల కావడామె బుట్టలు దించి, అటు తిరిగి ఎవరికో జామకాయలు తూస్తోంది. ఇందుజ ఒక్కతే అంచున నిలబడి ఇటే చూస్తోంది.

"కదలకు. కాస్త ఖాళీ వస్తే అవే వదుల్తాయి," అన్నాడు చలపతి.

ఇప్పట్లో ఖాళీ రాదని సువర్చలకి అర్థమైంది. ఇంకొకటీ అర్థమైంది. ఆ పిల్లకి వీధి గురించి తెలిసింది ఒక్కటే: కాలు లేచిందంటే దాటొచ్చు. ఇప్పుడు కాళ్లకి చెప్పుల్లేవు.

బిడ్డ దగ్గరికి వెళ్లాలంటే ముందు బిడ్డకి వీపు చూపించాలి. ఆమె వెనక్కి తిరిగి సందులోకి నాలుగడుగులు వేసింది. వీధి ఎదర లేకపోయేసరికి బకిళ్లు వదులయ్యాయి. చెప్పులు విసిరేసి వచ్చింది. పంజరంలో పిట్టని పట్టుకున్న ముసలాయన ఒకడు వీధిలోకి దిగుతున్నాడు. ఆగడం లేదు, ఉరకడం లేదు, ఒకటే నడక. తండ్రి మోచేతిని పట్టుకున్నట్టు సువర్చల ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఆమె మొహం చూసి, ఆమె చేతి మీద తన చెయ్యి వేసి నడిచాడు. స్కూటర్లు బండరాయి పక్కనుంచి నీళ్లు పోయినట్టు చీలి పోయాయి. ఒక్కడూ విసుక్కోలేదు. ఇన్ని వేలమంది ఒకళ్లనొకళ్లు కనిపెట్టుకుని ఎలా పోతున్నారా అని, అంత భయంలోనూ ఆమెకి ఆశ్చర్యం వేసింది.

ఇందుజ ఒక కాలు వీధిలోకి దించే వేళకి సువర్చల ఆమెని అందుకుంది. ముసలాయన తల పంకించి తన దారిన వెళ్లిపోయాడు.

ఏడవడం అయ్యాక, తిరిగి దాటడానికి కూతురి చెయ్యి పట్టుకుంది. పిల్ల లాక్కోబోయింది.

"చెయ్యెందుకమ్మా? నాకు కాలు లేస్తోందిగా."

"నాకు లేవట్లేదమ్మా. నువ్వే తీసుకెళ్లు."

ఇందుజ కాసేపు ఆలోచించి, తల్లి రెండు వేళ్లు గుప్పిట్లో బిగించింది. వెచ్చగా, చెమటగా ఉంది గుప్పిట. రోడ్డు మీద తన బిడ్డ చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారని సువర్చలకి అప్పుడు తోచింది.

వీధిలో ఖాళీ వచ్చింది. అవతల చలపతి రమ్మని రెండు చేతులూ ఊపుతున్నాడు. సువర్చల వెంటనే అడుగు వెయ్యలేదు. వేళ్లు ఆ చిన్న గుప్పిట్లోనే ఉంచి, ఆ ఖాళీని పోనిచ్చి, ఇంకొక దాని కోసం నిలబడింది.