ఎత్తిన పాదం

సంచీలో రెండు చొక్కాలు, ఎండుచేపల పొట్లం, కడుపులో తిప్పితే నమలడానికి అల్లం ముక్కలు సర్దింది పురింగ్. అల్లం తీసేసింది. మళ్ళీ పెట్టింది. కొడుక్కి వాంతులు ఆగిపోయాయని తెలుసు, అయినా చెయ్యి ఊరుకోలేదు.

నిజానికి ఆ వాంతులు కోడలు ఇసాయ్‌వి. నెల తప్పిన కొత్తలో మంచినీళ్ళు కూడా ఇమడక పిల్ల వడిలిపోతుంటే పురింగే చెవిలో చెప్పింది: "మొగుడు పడుకున్నప్పుడు ఓసారి దాటెయ్యవే. నీ వేవిళ్ళు వాడికి పోతాయి." ఇసాయ్ దాటింది. మర్నాటి నుంచి దోమెంగ్‌కి చేపల వాసన తగిలితే చాలు, గుమ్మం బయటికి పరుగే. ట్యూనా పడవ మీద బతికేవాడికి అంతకన్నా తలవంపు ఏముంటుంది? రెండు వేటలు మానుకుని ఇంట్లో ఉండిపోయాడు.

"పురింగక్కా, మీవాడికి నొప్పులెప్పుడు?" అని పక్కింటి చాయోంగ్ కిటికీలోంచి అడిగేది. వీధంతా నవ్వేది. ఆ నవ్వు భరించలేక పురింగ్ జెన్సాన్ రేవుకి వెళ్ళి, ఈసారి మావాణ్ణి తీసుకెళ్ళమని పడవ సరంగుని బతిమాలుకొచ్చింది. పిలుపు సరంగు దగ్గర్నుంచే వచ్చిందని ఇంట్లో చెప్పింది.

కిందటిసారి ఇసాయ్ కడుపు మూడో నెలలోనే పోయింది. అప్పుడు దోమెంగ్ సముద్రం మీద ఉన్నాడు. ఈసారి మూడో నెల నిండింది, ఇక భయం లేదని మంత్రసాని నిన్ననే పొట్ట తడిమి చెప్పింది. ఈ ఉదయం దోమెంగ్ వేయించిన చేపతో రెండు పళ్ళేల అన్నం తిన్నాడు. "నీ మనవడు నన్నొదిలాడే అమ్మా!" అని నవ్వి, బయల్దేరే వేళదాకా చాప మీద కునుకు తీశాడు.

పురింగ్ సంచీ మూతి బిగించి తలెత్తింది. ఇసాయ్ గౌను అంచు ఎత్తి పట్టుకుని మొగుడి మోకాళ్ళ పక్కన నిలబడి ఉంది. ఒక కాలు గాలిలో ఉంది.

పురింగ్ ఒక్క అంగలో వెళ్ళి జబ్బ పట్టుకుంది. "ఏం పనే ఇది? నీకు తగ్గిందిగా!"

"నాకు తగ్గింది. ఈయనకి తగ్గకూడదు." అంది ఇసాయ్. "ఈ ఒక్క వేటకీ ఇంట్లో ఉండనీ అత్తా."

"ఊరు నవ్వుతోందే!"

"నవ్వనీ. బిడ్డకి గండం దాటిందని మంత్రసాని చెప్పింది. ఈ గాలివానల రోజుల్లో ఈయనకి దాటిందని ఎవరు చెప్పారు? ఒక్క అడుగు. వదులు."

"వదల్ను. సరంగుకి మాటిచ్చాను."

"నువ్వా? నువ్వు అడిగావా తీసుకెళ్ళమని?"

పురింగ్ చూపు తిప్పుకుంది. ఇసాయ్ పాదం మెల్లగా ఇవతలే దిగింది.

దోమెంగ్ కళ్ళు నులుముకుంటూ లేచాడు. "నా నెత్తిమీద సంత పెట్టారేం అత్తాకోడళ్ళు?" అంటూ సంచీ భుజాన వేసుకున్నాడు.

పడవ చిన్నదై చుక్కయ్యేదాకా ఇద్దరూ రేవులో నిలబడి చూశారు. అప్పుడు పురింగ్ కూలబడిపోయింది.

"వాడి బాగు చూసి పంపలేదే తల్లీ. చాయోంగ్ నవ్వు చూసి పంపాను. వాడి కన్నా నా పరువే ఎక్కువైంది నాకు."

ఇసాయ్ పక్కన కూర్చుని అత్త చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. "పొద్దున ఆయన పడుకున్నాక నువ్వు నీళ్ళకెళ్ళినప్పుడు నేనొక్కదాన్నే ఉన్నా కదత్తా. అప్పుడే దాటెయ్యాల్సింది. నిద్రలో నవ్వుతున్నాడు, కాలు రాలేదు."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

ఏప్రిల్‌లో పాప పుట్టింది. దోమెంగ్ తిరిగి రాలేదు. ఆ వేటలోనే, అక్టోబరు చివరి ఆదివారం, గాలివానలో, పడవలోని అందరితో పాటు పోయాడు.