పేటెంట్ నోటీసుకి మెయిన్స్ జవాబు

లీగల్ నోటీసుకి జవాబును 'ఉపోద్ఘాతం'తో మొదలుపెట్టిన మనిషిని ఆమని చూడటం అదే మొదటిసారి.

చిక్కడపల్లిలో ఇంటి ముందుగదే ఆమె తండ్రి జోగారావు గారి లా ఆఫీసు. ఆమని ఆయనకి జూనియరు. ఎదురుగా కూర్చున్న నాగేందర్ అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు.

"ఉపోద్ఘాతం, విశ్లేషణ, ముగింపు... సైడ్ హెడింగులకి అండర్‌లైన్ కూడానా? ఇదేమైనా మెయిన్స్ పేపరనుకున్నారా?"

"అలవాటైంది మేడమ్. మార్కులు పడతయా?"

"పడతాయి, అవతలి కంపెనీకి! 'మీ పద్ధతి వాడిన మాట నిజమే' అని మీరే ఒప్పేసుకున్నారు. పోస్టు చెయ్యలేదు కదా?"

"ఇంకా చెయ్యలే."

ఆమని నవ్వు ఆపుకోలేక వాన కురుస్తున్న కిటికీ వైపు తిరిగింది. ఆ నిజాయితీకి కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ ముద్దొచ్చింది.

గొడవ ఇదీ. పరీక్ష దరఖాస్తుకి జేపీజీ ఫోటోలే పనికొస్తాయి. కొత్త ఫోన్లేమో కొత్త ఫార్మాట్‌లో తీస్తాయి. వాటిని జేపీజీగా మార్చే యాప్‌ని నాగేందర్ ఉచితంగా పెట్టాడు. హాస్టళ్ళన్నీ దాన్నే వాడుతున్నాయి. కొత్త ఫార్మాట్‌ని తెరిచే పద్ధతికి పేటెంట్ ఉంది, లైసెన్సు తీసుకుని రాయల్టీ కట్టు, లేదా యాప్ మూసెయ్ అని ఓ కంపెనీ నోటీసు పంపింది.

"మూసేస్తే మా దోస్తులందరు ఆగమైతరు మేడమ్. ఆదివారమే ఆఖరు తారీఖు."

"జేపీజీతో బాధ లేదు, దాని పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. కొత్తదాన్ని తెరవడమే చిక్కు." ఆమని తన ఫోన్‌లో తీసిన ఓ ఫోటో తెరిచి చూపించింది. "మరి ఇందులో తెరుచుకుంటోంది కదా, దీనికి రాయల్టీ ఎవరు కట్టినట్టు?"

"ఫోన్ కంపెనీ..." నాగేందర్ దిగ్గున లేచాడు. "అరె! నేనెందుకు తెరవాలె? ఫోన్‌తోనే తెరిపిస్త! నా కోడ్‌ల ఆ ముక్క తీసేస్త!"

"మరింకేం! అదే రాద్దాం, రెండే రెండు పేరాల్లో."

శనివారానికల్లా యాప్ మారింది. ఆదివారం హాస్టళ్ళ ఫోటోలన్నీ సాఫీగా ఎక్కాయి. కొన్నాళ్ళకి, ఇక అభ్యంతరం లేదని కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది.

ఆ సాయంత్రం నాగేందర్ వానలో తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటండీ? కేసు అయిపోయింది కదా!"

"గదే పరేషాన్. ఇగ ఏం సాకు చెప్పి రావాలె? నారాయణగూడ ఫ్లైఓవర్ దాక పోయి మళ్ళొచ్చిన. మీరంటే నాకు ఇష్టం, ఆమని గారూ."

ఆమని గుండె ఝల్లుమంది. సంతోషం దాచుకోవడం ఆమెకి చేతకాలేదు.

"లాయరు అనకూడని మాట ఒకటి చెప్పనా? ఈ కేసు ఇంకొన్నాళ్ళు సాగాలని నేను దేవుడికి మొక్కుకున్నాను."

లోపల భార్య హైమ ఇచ్చిన కాఫీ తాగుతున్న జోగారావు గారు గట్టిగా దగ్గారు.

"ఇక క్లయింటు కాదుగా, ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెడతావేంటమ్మా? హైమా, ఇంకో కాఫీ పెట్టు. అబ్బాయి లోపలికొస్తున్నాడు."