సంకేతంలో లేని మాట

"ఆ ముసలాయన సరిగ్గా పదకొండింటికి బటన్ నొక్కుతాడు. అది పని చెయ్యకుండా చూడు. అంతే పని," అన్నాడు చీఫ్.

చీఫ్ ఇంత తేలిగ్గా చెప్పాడంటే అది ప్రాణం మీదికొచ్చే వ్యవహారమేనని ఏజెంటుకి అర్థమైంది. పన్నెండేళ్ల సర్వీసు మరి! వెబ్ డెవలపర్ అన్నది మొదట్లో అతనికి వేషమే. వెబ్‌సైట్లు కట్టీ కట్టీ ఇప్పుడదే అసలు ఉద్యోగమై కూర్చుంది.

ఫైల్లో సంగతి ఇది. ఆ ముసలాయన ఒంటరి ప్రోగ్రామర్. ఎప్పుడో ఒక కోడ్ రాసి లోకానికి ఉచితంగా ఇచ్చేశాడు. ఇప్పుడు ఎన్నో దేశాల ఆసుపత్రుల వెబ్‌సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. మన ఏజెంటు కూడా రోజూ వాడేవాడే; ఏనాడూ ఆయనకి ఒక్క థాంక్స్ రాసిన పాపాన పోలేదు. ఆ ఒంటరితనాన్ని ఒక విదేశీ ముఠా పసిగట్టింది. సాయం చేసే నెపంతో ఒకామెను పంపింది. రెండేళ్లపాటు ఆమె రోజూ మెయిల్ రాసింది, తప్పులు దిద్దింది, చివరికి ఆ కోడ్‌ని మార్చే అధికారం సంపాదించింది.

"ఆమె మన మనిషే. డబుల్ ఏజెంట్," అన్నాడు చీఫ్. "సదస్సులో ఆయన బటన్ నొక్కి విడుదల చేసే కొత్త వెర్షన్‌లో ముఠా విషపు కోడ్ కలిపిందో లేదో ఆమెకీ చివరి నిమిషంలోనే తెలుస్తుంది. కలిపితే కళ్లజోడు తీస్తుంది."

"మనం ఆపేస్తే వాళ్లకి ఆమె మీదే అనుమానం వస్తుంది కదా సార్? ఆమెను బయటికి తెచ్చేదెవరు?"

"ముందు బటన్ సంగతి చూడవయ్యా."

పరాయి దేశం, పెద్ద టెక్నాలజీ సదస్సు. మెడలో బ్యాడ్జి, సంచీ నిండా స్టిక్కర్లు. కాఫీ కౌంటర్ దగ్గర చీఫ్ గుర్తు చెప్పిన ఎర్ర కోటు కనిపించింది. క్యూలో ఉన్న తలలన్నీ ఆమె వైపే తిరిగి ఉన్నాయి.

"కోడ్ రాసేప్పుడు ట్యాబ్ వాడతారా, స్పేస్ వాడతారా?" అందామె.

"ఇంట్లో అడిగి చెబుతాను."

సంకేతం కుదిరింది. ఇక ఎవరి దారి వాళ్లు పట్టాలి. ఆమె కదల్లేదు.

"మీరు తిన్నారా?"

అతను తెల్లబోయాడు. ఆ మాట సంకేతంలో లేదు.

"రెండేళ్లుగా ఆ పెద్దాయన్ని మెయిల్లో రోజూ అడుగుతున్నాను. అలవాటైపోయింది," అని నవ్వబోయి నవ్వలేకపోయింది.

పదకొండుకి నిమిషం తక్కువ. వేదిక మీద ముసలాయన మైకు సవరించుకున్నాడు. "ఇది నా ఒక్కడి పని కాదండీ. నా కూతురిలాంటి అమ్మాయి ముందు వరసలో ఉంది," అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆమె కళ్లజోడు తీసింది. కళ్లు తుడుచుకోవడానికేమో అనుకున్నారంతా.

ఏజెంటు జేబులో చెయ్యి పెట్టి రిమోట్ నొక్కాడు. మరుక్షణం ముసలాయన వేలు బటన్ మీద పడింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. వైఫై చచ్చింది! హాలంతా గొల్లున నవ్వింది. టెక్నాలజీ సదస్సులో వైఫై పోతే ఎవరికి అనుమానం వస్తుంది? ముఠాకి తప్ప.

ముసలాయన్ని పక్కగదిలోకి లాక్కుపోయి ఆ విషపు లైన్లు చూపించి, ఆమె ఎవరో చెప్పి, ఏజెంటు ఒక్క ఉదుటున హాల్లోకొచ్చాడు. ముందు వరసలో కుర్చీ ఖాళీ. కళ్లజోడు మాత్రం దాని మీద ఉంది. వీధిలోకి పరిగెత్తాడు. గొడుగులు, బస్సులు, జనం. ఎర్ర కోటు ఎక్కడా లేదు.

అతను తిరిగొచ్చేసరికి ముసలాయన ఆ కళ్లజోడు చేతుల్లోకి తీసుకున్నాడు. "రోజూ తిన్నారా అని అడిగేది బాబూ. అదీ నాటకమేనా?"

"నన్నూ అడిగిందండీ. నన్ను అడగాల్సిన పనేమీ లేదు ఆమెకి."

పెద్దాయన బావురుమన్నాడు. ఆ ఏడుపు ఆపే పరికరం ఏదీ డిపార్ట్‌మెంట్ అతనికివ్వలేదు.

తిరిగొచ్చాక చీఫ్ ఆమె ఫైలు మూసేశాడు. "గల్లంతు" అన్న ఒక్క మాటతో.

ఇక అతను వేషానికి పనిచేసే వెబ్ ఆఫీసులో ఒక పద్ధతుంది. సదస్సుకి వెళ్లొచ్చినవాళ్లు ఏం నేర్చుకున్నారో ఒక పేజీ రాసి అందరికీ పంపాలి. ఏజెంటు పొద్దుటినుంచి ఖాళీ పేజీ ముందు కూర్చున్నాడు. ఆసుపత్రుల సైట్లన్నీ లక్షణంగా తెరుచుకుంటున్నాయి. వాటికోసం ఒక మనిషి మాయమైపోయిందని ఏ పేజీలోనూ రాదు. ఇన్నేళ్లలో తను ఆ పెద్దాయనకి రాయాల్సిన మెయిల్‌ని శత్రువు ఆమెతో రాయించాడు. అతనికి సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

"ఏం గురూ, సదస్సులో పంచే టీషర్టు తెచ్చావా?" అన్నాడు పక్క సీటు డిజైనర్.

"అయిపోయాయిరా," అన్నాడు.

పేజీ మూసేసి ముసలాయనకి ఒకే ఒక్క ముక్క మెయిల్ చేశాడు: "తిన్నారా?"

ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది.

"తిన్నాను బాబూ. ఇంతకీ నువ్వెవరి తరఫున?"