కింది కొమ్మలు

ఆ పొద్దున ఇస్త్రీపెట్టె కంటే ముందే ఇల్లు వేడెక్కింది. నాలుగు కాగితాల మీద పుట్టిన గొడవ అది.

అమ్మ వీధిలోవాళ్ల బట్టలు ఇస్త్రీ చేస్తుంది. కూతురు కాలేజీలో సాహిత్యం చదువుతోంది. తోట నుంచి తోటకి వలసపోయి పండ్లు కోసే రైతు కుటుంబాల నవల ఒకటి వాళ్లకి పాఠం. ఆ పిల్ల నెలరోజులుగా దాన్ని పైకి చదువుతుంటే, అమ్మ చొక్కాలు మడతపెడుతూ వినేది. అందులో ఒకావిడ కింది కొమ్మల పండ్లు కోయకుండా వదిలేసి ముందుకు పోతుంది. ఆమెకి బతుకు మీద ఆశ చచ్చిపోయిందనడానికి అది గుర్తని లెక్చరర్ చెప్పారట. అమ్మకి నవ్వాగలేదు. నిచ్చెన ఎక్కలేని ముసలివాళ్లూ కడుపుతో ఉన్నవాళ్లూ వెనక వస్తారు, వాళ్లకోసం వదులుతారు, ఆమాత్రం తెలియదా మీ సారుకి అంది.

కూతురు అదే వ్యాసంగా రాసింది. ఆధారం చూపాల్సిన చోట "మా అమ్మ, పదకొండేళ్లు తోటల్లో పండ్లు కోసిన కూలీ" అని పెట్టింది. అమ్మ మాట ఆధారం కాదు, ఆ వాక్యం కొట్టేసి మర్నాడు పదింటికల్లా ఇవ్వకపోతే సున్నాయేనని లెక్చరర్ తిప్పిపంపారు.

సిటీ బస్సు నడిపే నాన్న డ్యూటీకి బయల్దేరుతూ ఆ కాగితాలు చూశాడు. చూసి ఒంటికాలి మీద లేచాడు. పద్దెనిమిదేళ్లుగా ఈ వీధిలో ఎవరికీ తెలియనివ్వని సంగతిని కాలేజీలో టముకు వేస్తావా, కొట్టేయమన్నాడు. కూతురు కొట్టేయనంది. ఆ మొండితనం ఎవరి పోలికో ఇంట్లో అందరికీ తెలుసు.

"మన పరువేం కావాలే?" అన్నాడు నాన్న.

అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"పరువు పోయే పనేం చేశానండీ? ఇది కడుపులో ఉండగా ఏడో నెలలో కూడా కోశాను. ముందు పోయిన మగాళ్ల జట్టులో ఎవరో పుణ్యాత్ముడు కింది కొమ్మలు వదిలాడు కాబట్టి నిచ్చెన ఎక్కకుండా గట్టెక్కాను. ఆ మాట కొట్టేస్తే నన్ను కొట్టేసినట్టే. సున్నా వస్తే రానీండి."

నాన్న కుర్చీలో కూలబడ్డాడు.

"అది నేనేనే," అన్నాడు చివరికి.

తర్వాత తలెత్తకుండానే చెప్పుకొచ్చాడు. ముందు పోయే ఆ జట్టులో తనూ ఉన్నాడు. రోజూ ఆమె కోయబోయే చెట్ల వరసలో కింది కొమ్మలు వదిలేస్తున్నాడని మేస్త్రీ కనిపెట్టాడు. ఆడాళ్ల జట్టు రాకముందే, నలభైమంది మగాళ్ల ముందు సోమరిపోతు అని తిట్టి పనిలోంచి తీసేశాడు. వేరేచోట మంచి పని దొరికిందని పెళ్లానికి అబద్ధం చెప్పి, మూటాముల్లే సర్దించాడు.

"తోట మాటెత్తితే ఇప్పటికీ ఆ తిట్టే వినిపిస్తుంది," అన్నాడు.

అమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు. మొహం తెలియని ఆ పుణ్యాత్ముడు చల్లగా ఉండాలని ఇన్నేళ్లుగా మొక్కుకుంటోంది. అతను ఇదే ఇంట్లో, ఇదే కంచంలో తింటున్నాడని తెలియదు. దగ్గరికి వెళ్లి అతని భుజం పట్టుకుంది.

"నాన్నా, ఇది కూడా రాయనా?" అంది కూతురు మెల్లగా.

నాన్న చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"రాయి. మీ సారుకి ఒక్క ఆధారం చాల్లేదుగా, రెండోది నేను. సోమరిపోతని తీసేశారని కూడా రాయి, దాచకు."

ఆ పిల్ల ఒక్క మాటా కొట్టేయలేదు. అమ్మ మాట కింద నాన్న మాట చేర్చి, సున్నాకి సిద్ధపడి కాలేజీకి బయల్దేరింది.