చివరి పాట ఎవరింట్లో

డిసెంబరు వచ్చిందంటే కోటవురట్ల రోడ్డు పక్కనున్న ఆ ఊళ్ళో రెండు వాసనలు. పెనాల్లో ఉడుకుతున్న బెల్లం పాకం ఒకటి, చర్చి మీదకెక్కించే వెదురు నక్షత్రానికి కాగితాలంటించే మైదా ముద్ద ఒకటి. ఆ ఏడు శాంతికుమారికి ఆ రెండు వాసనలూ గిట్టలేదు. పేరుకి శాంతే గానీ, భర్త రత్నరాజు వానాకాలంలో పోయిన దగ్గర్నుంచీ ఆవిడ కోపం చల్లారలేదు. చల్లారాల్సిన పని కూడా లేదు.

రత్నరాజు చేసిన నేరమల్లా ఒకటే. నిరుడు క్రిస్మస్ పాటలకి ఇల్లిల్లూ తిరిగి చర్చి స్లాబుకని వసూలు చేసిన చందాతో, చర్చి గుమ్మం పక్కన మీ నాన్న పేరు చెక్కిన గ్రానైటు పలక ఎందుకు పెట్టించావని సంఘ పెద్ద బెన్‌హర్‌ని అందరి ముందూ అడిగాడు. బెన్‌హర్ అది మనసులో పెట్టుకున్నాడు. రత్నరాజు జ్వరమొచ్చి చచ్చిపోతే శవపెట్టె మోయడానికి కూడా రాలేదు.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. పాటల జట్టు ఊరంతా తిరిగాక, ఆ ఏడాది చావు జరిగిన ఇంటి ముందు చివరి పాట పాడుతుంది. ఆఖరి చరణానికి లైట్లన్నీ ఆర్పేస్తారు. పోయినవాళ్ళు వచ్చి, చీకట్లో నిలబడి, ఆ ఒక్క చరణం జట్టుతో కలిసి పాడి వెళ్ళిపోతారని పెద్దవాళ్ళ నమ్మకం. పాట పాడకపోతే వాళ్ళు ఎటూ పోలేరట. అందుకే శాంతికుమారి మధ్యాహ్నమే వాకిలి అలికి, టీకి పాలు తెచ్చి పెట్టుకుంది.

పొద్దు గుంకింది. కరెంటు పోయింది. పాటలు వీధి మొదట్లో వినిపించాయి, దగ్గరికొచ్చాయి, ఆవిడ ఇంటి ముందు ఆగకుండా వెళ్ళిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ మనిషి వైపు ఒక్కరూ చూడలేదు. పెట్రోమాక్స్ లైటు మోస్తున్న బాబ్జి మాత్రం తల దించుకుని గొణిగాడు.

"నన్నేటీ అనకు పిన్నీ. ఈసారి సివరి పాట తనింటికాడే అని బెన్‌హర్ మావ సెప్పేసేడు."

"ఆలింట్లో ఎవరు సచ్చేర్రా?"

బాబ్జి లైటు చెయ్యి మార్చుకుని జట్టు వెనక పరిగెత్తాడు.

శాంతికుమారికి ఒళ్ళు మండిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళ వెనకే నడిచింది. బతికున్నవాడి మీద పగ పెట్టుకున్నాడు, సరే. మట్టిలోకి పోయినవాడి మీద కూడానా? పోయినవాడి కోసం పాడే ఒక్క పాట కూడా ఎగేసుకుపోవాలా? నలుగురిలో కడిగిపారేద్దామని బెన్‌హర్ డాబా ముందుకి వచ్చింది. బెన్‌హర్ మెట్ల మీద కండువా సర్దుకుంటూ నిలబడ్డాడు. ఆవిడ నోరు తెరిచేలోపే చెయ్యి ఊపాడు.

లైట్లు ఆరిపోయాయి.

చీకటి. ఆరిన లైటులోంచి కిరసనాయిలు వాసన. ఆఖరి చరణం మొదలైంది... గొంతుల మధ్యలోకి ఇంకో గొంతు వచ్చి చేరింది. బీడీలకి బొంగురుపోయిన గొంతు. పల్లవి చివర కాస్త ఆలస్యంగా లాగే గొంతు. పెళ్ళయిన దగ్గర్నుంచీ శాంతికుమారి రోజూ విన్న గొంతు అది.

ఒక్కొక్కరే పాడటం ఆపేశారు. ఆ గొంతు ఆపలేదు... అది గుంపులోంచి రావడం లేదు. ఇంట్లోంచి వస్తోంది. బెన్‌హర్ పడగ్గదిలోంచి.

"రత్నం బాబాయి..." అని బాబ్జి గుసగుసగా అన్నాడు.

"నోర్ముయ్ రా. ఏ రేడియోవో అయ్యుంటాది. ఉండండి, సూసొత్తాను."

బెన్‌హర్ తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు. పాట ఠక్కున ఆగింది.

చాలాసేపు అతను బయటికి రాలేదు. వాకిట్లో ఉన్న అతని పెళ్ళాం లూర్దు మేరీ "ఏటండీ?" అని పిలిచింది. మళ్ళీ పిలవబోతుంటే బెన్‌హర్ బయటికొచ్చాడు. లోపల ఎవరో నిద్రపోతున్నట్టు తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.

"పదండి. శాంతమ్మింటికాడ పాడదాం," అన్నాడు. అంతే.

అందరూ శాంతికుమారి వాకిట్లోకి వచ్చారు. లైట్లు ఆర్పి మళ్ళీ పాడారు. ఈసారి వేరే గొంతు కలవలేదు. బెన్‌హర్ అందరికంటే గట్టిగా పాడాడు. ఆవిడ ఏడ్చింది. నా మనిషికి దారి దొరికింది అనుకుంది. టీలు ఇస్తూనే, ఈ బుద్ధేదో ముందే ఉంటే వీడి సొమ్మేం పోయేదని పళ్ళు కొరుక్కుంది.

జట్టు వెళ్ళిపోయింది, లూర్దు మేరీ కూడా ఇంటికి నడిచింది. బెన్‌హర్ మాత్రం టీ గ్లాసు పట్టుకుని అరుగు మీదే కూర్చున్నాడు.

"ఇంకేటన్నయ్యా? పాటయిపోనాది గదా, ఎల్లు."

"ఎక్కడికెల్లను?" గుసగుసగా అడిగాడు.

"మీ ఇంటికి."

"నా మంచం కాళీ లేదు సెల్లెమ్మా."

"మా ఆయనున్నాడా దాని మీద?"

"ఆడు పక్కన కూకున్నాడు... పడుకున్నది నానే."

అప్పుడే వీధి చివర్నుంచి లూర్దు మేరీ ఏడుపు వినిపించింది. మొగుడి పేరు పెట్టి, గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. శాంతికుమారి అటు చూసి ఇటు తిరిగేసరికి అరుగు ఖాళీగా ఉంది. గ్లాసులో టీ తాగకుండా అలాగే ఉంది.

భయం వేసింది. భయాన్ని తోసుకుని కోపం వచ్చింది. చచ్చాక కూడా వీడికి నా గుమ్మమే దొరికిందా?

"ఫో! నా వాకిట్లోంచి ఫో!" అని చీకట్లోకి అరిచింది.

వాకిట్లో ఏమీ కదల్లేదు. వెనక, ఇంటి లోపల, నులక మంచం కిర్రుమంది.

రత్నరాజు పోయిన మర్నాడే ఆవిడ అతను పడుకునే ఆ మంచాన్ని ఎత్తి గోడకి నిలబెట్టేసింది. ఆ తరవాత ఎవరూ దించలేదు.

కిర్రు... మళ్ళీ కిర్రు...

పడుకున్న మనిషి గోడవైపుకి జరిగి, మంచం లేని ఇంకొకరికి చోటిచ్చినట్టు.