ఎల్సీ డౌస్ ఎడమచేతి ముడి

1943 నవంబరులో ఎల్సీ డౌస్‌కి అన్యాయం జరిగింది. తొమ్మిదో తారీకున లింకన్‌షైర్ చిత్తడి నేలలో బాంబరు విమానం ఒకటి కూలి ఏడుగురు కుర్రాళ్లు పోయారు. జనరేటరులో రాగితీగ చుట్ట కాలిపోయిందని, అందుకే కూలిందని దొరలు తేల్చేశారు. ఎవరూ విప్పి చూసింది లేదు. చుట్టింది ఎల్సీ కాబట్టి తప్పు ఎల్సీది! ఫ్యాక్టరీ గేటు దగ్గర సాటి ఆడవాళ్లే మొహాన ఉమ్మారు. పన్నెండున ఆమె కాలవలో తేలింది. పదమూడున పాతిపెట్టారు.

ఇన్నేళ్లకి ఆ బురదలోంచి జనరేటరు బయటపడింది. పాత విమానాలు బాగుచేసే నార్మన్ పెల్ షెడ్డుకి, వానలో తడుస్తూనే వచ్చింది బెరిల్. ఎల్సీకి మేనకోడలు, డెబ్భై ఆరేళ్ల మనిషి.

"టీ పెట్టనా?"

"ముందు మా అత్త మీద నింద తీసెయ్. టీ ఎక్కడికీ పోదు."

పేరురేకును తుప్పు తినేసింది. నార్మన్ బోల్టుల వరస, గాలిగొట్టం మూతి, ఇరుసు పళ్లు తడిమి చూశాడు. "బాంబరుదే. దీన్ని బిగించిన ఇంజను నంబరూ కలిసింది. ఇక చుట్టిందెవరో చూడాలి. చివర్లో దారంతో ముడేసి, దాని కింద తమ నంబరూ, చుట్టిన తేదీ కొట్టిన ఇత్తడిబిళ్ల పెట్టేవాళ్లు."

"అత్తది ఎడమచేతి వాటం. బళ్లో బెత్తంతో కొట్టినా మారలేదట. మొండిఘటం, నాలాగే."

మూత ఊడింది. బురదకంపు రావాలి. రాలేదు. ఘాటుగా కొత్త వార్నీషు వాసన... రాగి తళతళలాడుతోంది. ఎక్కడా కమిలిన మచ్చయినా లేదు.

"కాలలేదు! చూశావా, కాలనే లేదు!" బెరిల్ బల్ల పట్టుకుని భోరుమంది. "ఒక్కడు విప్పి చూసుంటే బతికేదానివి కదే అత్తా..."

నార్మన్ తీగచుట్ట మీద వేలు ఆనించి చూశాడు.

"ఏమయ్యా, నోరు పడిపోయిందా?"

"బెరిల్..." గొంతు గుసగుసలోకి దిగింది. "వార్నీషు... ఇంకా తడిగా ఉంది."

వేలు చూపించాడు. జిగురు. దారం తెల్లగా ఉంది. ఎడమచేతి ముడి. దాని సందుల్లోంచి నీళ్లు ఊరుతున్నాయి... ఒక్కో చుక్కా... కాలవ నాచు వాసనతో.

బెరిల్ కళ్లద్దాలు తుడుచుకుంది. వేలితో దారం పక్కకి జరిపింది. బిళ్ల మీద ఎల్సీ నంబరే, నలభై ఒకటి.

దాని కింద తేదీ: 1943 నవంబరు 14.